పదకొండు పది దాకా తిరిగిన మర

ముందుగా చదివేవాళ్ళకి ఒక మనవి. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటే మన్నించండి. నాకు అక్షరాలు యాభై ఏడో ఏట వచ్చాయి. డిటెక్టివ్ కథ పరిగెత్తాలంటారు. నా చెయ్యి మాత్రం నడుస్తుంది. ఈ నాలుగు కాగితాలకి నాలుగు నెలలు పట్టింది. ఇందులో ఊరూ మనుషులూ నేను కల్పించుకున్నవే.

*

గురువారం. ఉదయం 11.50.

ఊక కుప్పలోంచి ఒక పాదం బయటికి కనిపిస్తోంది.

డేనియల్ చేతిలో గోనెసంచి జారిపోయింది. బొటనవేలి గోరు సగం ఊడిన కుడి పాదం. పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్న పాదం.

"పెద్దాయనా!"

రెండు చేతులతో ఊక తవ్వాడు. మోకాలు బయటపడింది. పంచె బయటపడింది. చివరికి ముఖం. చెవి వెనక నెత్తురు, ఊక కలిసి గడ్డకట్టి ఉన్నాయి.

మిల్లు యజమాని బుల్లియ్య చనిపోయి ఉన్నాడు.

*

ఎస్సై కృపారాణి 12.35కి వచ్చింది. ఆత్రేయపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలవ గట్టున ఉంది చినలంకపాలెం. బుధవారం నుంచి వాన వదలడం లేదు. జీపు రెండుసార్లు బురదలో దిగబడింది.

మిల్లు అంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క వడ్లు ఆడించే యంత్రం. రెండో పక్క పిండిమర. వెనక ఊక గది. ఆ గదికి కాలవ వైపు ఒక చిన్న తలుపు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఇలాంటివి ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలింది ఇదొక్కటే.

గోడ వారన డబ్బాలు వరసగా ఉన్నాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి. మొత్తం ఎనిమిది. మూతల మీద గోళ్ళ రంగుతో పేర్లు.

"ఇవేంటి?" అని అడిగింది కృపారాణి.

"పిండికి పెట్టిన డబ్బాలు మేడం. రేపు శ్రావణ శుక్రవారం కదా" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఉదయ్‌కుమార్.

ఆమె వాటిని దాటి ఊక గదిలోకి వెళ్ళింది. మోకాళ్ళ దాకా ఊకలో దిగింది. శవం పక్కన ఒక చిన్న సుత్తి దొరికింది. పిండిమర రాతికి గాట్లు కొట్టే సుత్తి. పిడి తుడిచేసి ఉంది.

"ఎవరిది?"

"నాదేనండి" అన్నాడు డేనియల్. "ఈ ఊక గది తలుపు పక్కన మేకుకి తగిలిస్తానండి. గాట్లు నేనే కొడతాను."

పక్కింట్లోంచి పరుగెత్తుకొచ్చిన బుల్లియ్య భార్య తలుపులమ్మ అతని చొక్కా పట్టుకుంది.

"నిన్న నువ్వు మానేస్తానంటే ఆయన అరిచాడు! ఆ కోపం ఇక్కడ తీర్చుకున్నావురా? మా ఇంటి కూడు తిన్న చేత్తోనే!"

"అమ్మగారూ, నేను కాదండి..."

చుట్టూ ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు.

షెడ్డు బయట చూరు కింద ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా. బుల్లియ్య తమ్ముడి కొడుకు గణేష్‌బాబు. రాజమండ్రిలో స్థలాల వ్యాపారం. అతను లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర నుంచే కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొస్తూ కృపారాణి చీలమండ గోక్కుంది.

"ఊక నూగు పట్టిందండి" అన్నాడు డేనియల్, ఏడుస్తూనే. "అలవాటు లేనోళ్ళకి రెండ్రోజులు వదలదండి. నీళ్ళతో కడిగితే ఎక్కువవుద్ది. కొబ్బరి నూనె రాసుకోండి."

*

గురువారం. మధ్యాహ్నం 1.30. ఉదయ్‌కుమార్ స్టేట్‌మెంట్ రాస్తున్నాడు.

"పొద్దున నువ్వు మిల్లులో ఎప్పటిదాకా ఉన్నావు?"

"పదీ ఇరవై దాకానండి. లంకలో ఒకరికి నూకల మూట ఇచ్చి రమ్మన్నారు. సైకిల్ మీద వెళ్ళాను."

"తిరిగొచ్చింది?"

"పదకొండుంబావుకి. అప్పటికి కరెంటు లేదండి. పెద్దాయన కనపడలేదు. టీకి ఇంట్లోకెళ్ళారనుకున్నాను. పదకొండున్నరకి ముందే కరెంటు వచ్చింది. మర వేశాను. సంపూర్ణమ్మగారు కేకలేస్తున్నారని ఆవిడ బియ్యం పోశాను. ఆవిడ డబ్బా పట్టుకెళ్ళాక, ఇంకెవరి సంచిలోనో ఊక నింపాలని వెనక గదిలోకెళ్ళాను."

"లంక నుంచి వస్తుంటే దారిలో ఎవరైనా చూశారా?"

"వానండి. ఎవరుంటారు?"

"ఇంకేమైనా చెప్పాలా?"

డేనియల్ ఏదో రాయి సంగతి, వాసన సంగతి మొదలుపెట్టాడు. అంతలో సి.ఐ.గారి ఫోన్ వచ్చింది. కృపారాణి బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి స్టేట్‌మెంట్ పూర్తయింది. డేనియల్ సంతకం పెట్టేశాడు.

*

మిల్లుకి రెండొందల గజాల దూరంలో లోవరాజు టీకొట్టు.

"మిల్లు ఎప్పటిదాకా తిరిగింది?"

"కరెంటు పోయేదాకానండి. ఆ మోత ఊరంతటికీ వినపడుద్దండి. అది ఆగిందంటే మా ఆవిడ అన్నానికి పిలుస్తుంది" అన్నాడు లోవరాజు.

సబ్‌స్టేషన్‌కి కృపారాణి ఫోన్ చేసింది. రిజిస్టర్‌లో ఉంది. కరెంటు పోయింది 11.10కి. వచ్చింది 11.28కి.

"మోత ఎప్పటిలాగే ఉందా?"

లోవరాజు తల గోక్కున్నాడు. "ఏమోనండి. రేకుల మీద వాన. కాస్త కీచుగా అనిపించింది. కొత్త బెల్టేమో అనుకున్నాను."

"గణేష్‌బాబు ఎప్పుడొచ్చాడు?"

"పదీ నలభైకండి. టీవీలో పది నలభై వార్తలు మొదలవుతున్నాయి. మా వాళ్ళు ఐదుగురున్నారు, అడగండి. ఆయన ఇక్కడే కూర్చున్నారు. శవం దొరికిందని కేకలు వినపడేదాకా."

"మధ్యలో లేవలేదా?"

"సిగరెట్టుకో దేనికో ఒక ఐదు నిమిషాలు రోడ్డు మీదికెళ్ళొచ్చారండి. అది కరెంటు వచ్చాక."

గణేష్‌బాబు మాటలు కూడా అలాగే ఉన్నాయి.

"మిల్లు గడప తొక్కి రెండు నెలలైంది మేడం. ఆ దుమ్ము నాకు పడదు. చిన్నప్పట్నుంచీ టౌన్లో పెరిగాను. ఈవేళ పెదనాన్నని ఇంట్లో కలుద్దామని వచ్చాను. మిల్లు తిరుగుతోంది కదా, అయ్యాక వెళ్దామని టీకొట్లో ఆగాను. ఆ మోత వింటూ కూర్చున్నాను మేడం. ఆయన అప్పటికి బతికే ఉన్నారు..."

*

"లెక్క తేలిపోయింది కదమ్మా" అన్నారు సి.ఐ.గారు ఫోన్లో. "పోస్ట్‌మార్టమ్ ఏమంది?"

"పదికీ పదకొండున్నరకీ మధ్య అన్నారు సార్. అంతకన్నా చెప్పలేమన్నారు."

"మర పదకొండు పది దాకా తిరిగింది. తిప్పే మనిషి బతికుండాలి. తమ్ముడి కొడుకు టీకొట్లో ఉన్నాడు, ఐదుగురు సాక్షులు. పదకొండుంబావుకి మిల్లుకి వచ్చింది ఎవరు? డేనియల్. సుత్తి ఎవరిది? డేనియల్‌ది. ముందురోజు గొడవ ఎవరితో? ఇంకేం కావాలి?"

గురువారం సాయంత్రం 5.15కి డేనియల్‌ని అరెస్టు చేశారు. శుక్రవారం 5.15 లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెడితే రిమాండు. జైలు నుంచి ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేరు.

జీపు ఊరి మధ్య నుంచి వెళ్ళింది. జనం గుమ్మాల్లో నిలబడి చూశారు. అతని భార్య ప్రిస్కిల్లా జీపు వెనకే నడుచుకుంటూ స్టేషన్‌కి వచ్చింది. మెట్ల మీద కూర్చుంది. పొమ్మన్నా పోలేదు.

కృపారాణికి నిద్ర పట్టలేదు. కాళ్ళు మంట. నూనె రాసుకుంది. మళ్ళీ గోక్కుంది. ఏదో ఒకటి కుదరడం లేదు. అది ఏంటో తెలియడం లేదు.

*

శుక్రవారం. ఉదయం 9.40.

స్టేషన్ ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. తలంటు పోసుకున్న జుట్లు, పసుపు పాదాలు. ఇద్దరు మాత్రం పేట నుంచి వచ్చిన క్రైస్తవులు.

"ఏంటమ్మా అందరూ?"

"డబ్బాల కోసమండి."

"మిల్లు సీల్ చేశాం. అది క్రైమ్ సీన్."

"మీ సీల్ మీరుంచుకోండి. లోపల మా బియ్యం ఉన్నాయండి. నానబెట్టి వార్చిన తడి బియ్యం. నిన్న మధ్యాహ్నానికే పిండి కావాలి. ఇప్పుడు పులిసి కంపు రోడ్డు దాకా కొడుతోంది. కాపలా ఉన్న మీ పోలీసే ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు."

"అమ్మా, అక్కడ ఒక మనిషి చనిపోయాడు."

"ఆ మనిషుంటే మా బియ్యం పులుస్తాయా అండి?" అంది వెనక నుంచి ఒకామె. "మా అమ్మ కానుపుకీ ఆయన మరే. నా పెళ్ళి సారెకీ ఆయన మరే. ఇప్పుడు పిండి కోసం రావులపాలెం పోవాలి, లేదంటే పాకెట్లు కొనుక్కోవాలి."

అప్పుడు అరవై దాటిన ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. చేతిలో అరటాకు. ఆకులో బెల్లం చలిమిడి.

"నేను సంపూర్ణమ్మనండి. ఇది తినండి."

"ఇప్పుడా?"

"తినండి, చెబుతాను."

కృపారాణి కొంచెం నోట్లో వేసుకుంది. కొరికింది. పళ్ళ కింద కరకరమంది.

"ఇసుక!"

"అమ్మవారి ముందు పెట్టానండి దీన్ని. ముప్పై ఏళ్ళలో బుల్లియ్య మరలో ఇలా ఎప్పుడూ రాలేదు. చచ్చిపోయినోణ్ణి తిట్టలేను. మీ లాకప్పులో ఉన్నోణ్ణి తిడదామని వచ్చాను."

"రాతికి కొత్తగా గాట్లు కొట్టారేమో?"

"ఆదివారం కొట్టాడండి డేనియల్. కొట్టాక ముందు తవుడు పోసి తిప్పి, ఆ తవుడు పారేస్తారు. సోమ, మంగళ, బుధవారాలు ఊరంతా పట్టించుకుంది. ఎవరి పిండిలోనూ రాతి పలుకు లేదు. గురువారం పొద్దున నా ముందామె పిండి కూడా వెన్నలా ఉంది, ఇదిగో ఈవిడే, అడగండి."

"మీ డబ్బా ఎప్పుడు పెట్టారు?"

"పదీ ఇరవై ఐదుకి. ఈవిడ డబ్బా నిండుతోంది. తర్వాతది నాదే. బుల్లియ్య నాతో అన్నాడు కదా, 'పది నిమిషాలాగి రా అప్పా, తడి బియ్యం నిలవ ఉంచను' అని. నేను పొయ్యి మీద పాకం పెట్టాలని ఇంటికెళ్ళాను. ఆలస్యమై పదకొండున్నరకి వచ్చాను."

"అప్పటికి మీ డబ్బా ఎక్కడుంది?"

"పెట్టిన చోటే. వరసలో మొదట. బియ్యం బియ్యంలానే. అందుకే డేనియల్ని తిట్టాను, తవుడూ గివుడూ అనకుండా ముందు నాది పొయ్యమని."

"ఒకవేళ బుల్లియ్య వెనక డబ్బాలు ముందు పట్టాడేమో?"

ఆడవాళ్ళందరూ ఒక్కసారే నవ్వారు. స్టేషన్ అని గుర్తొచ్చి ఆపుకున్నారు.

"ఆ మర దగ్గర వరస తప్పడమా? ప్రెసిడెంటు గారి డబ్బా వెనక్కి జరిపిన మనిషండి" అంది పేట నుంచి వచ్చినామె. "నా డబ్బా వాళ్ళ దానికంటే ముందుంటే, ముందు నాదే. అలాంటి చోటు ఊళ్ళో అదొక్కటేనండి."

కృపారాణి లేచి నిలబడింది.

"ఇంకొక్కటి చెప్పండి. గాట్లు కొట్టిన దుమ్ము కాకపోతే, పిండిలో రాయి ఎలా వస్తుంది?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎస్సైగారు పాకెట్ పిండి మనిషర్రా" అంది సంపూర్ణమ్మ. తర్వాత ఒక్క వాక్యంలో జవాబు చెప్పింది.

కృపారాణి కాళ్ళ దురద ఆ క్షణంలో మర్చిపోయింది.

*

10.30. లాకప్.

"డేనియల్, నిన్న మర వేసినప్పుడు ఏం చూశావు? అంతా చెప్పు."

"రాళ్ళు బిగించే చక్రం ఉంటాదండి. గింజ అయిపోగానే దాన్ని వదులు చేయాలి. అది బిగించే ఉంది. రాయి మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. మాడిన వాసన. పెద్దాయన ఇలా వదిలేసి వెళ్ళరే అనుకున్నానండి. నిన్ననే చెప్పాను రైటర్ గారికి."

కృపారాణి వెనక్కి తిరిగింది. ఉదయ్‌కుమార్ తల దించుకున్నాడు.

"మిల్లు రిపేరు సంగతి కదా, కేసుకెందుకని రాయలేదు మేడం."

"ఇప్పుడు రాయి. అతను అన్న మాట అన్నట్టు."

*

12.30. గోదావరి ఒడ్డు.

బుల్లియ్యకి పిల్లల్లేరు. కర్మ చేసేది గణేష్‌బాబు. వాన కాసేపు ఆగింది. కృపారాణి దూరంగా నిలబడింది.

పురోహితుడు చొక్కా విప్పమన్నాడు. గణేష్‌బాబు ఆగాడు. తప్పదు. గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగాడు.

మొదటి చుట్టులో ఆమె వీపు చూసింది. వీపు మామూలుగా ఉంది.

రెండో చుట్టులో చేతులు చూసింది.

రెండు చేతుల మీదా మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. అక్కడితో సరిగ్గా ఆగాయి. గీత గీసినట్టు.

ఆమె వంగి ప్యాంటు అంచు కొంచెం పైకెత్తింది. తన కాళ్ళ మీద కూడా అవే దద్దుర్లు. మోకాళ్ళ దాకా. అక్కడ ఆగాయి.

*

1.40. మెయిన్ రోడ్డు మీద మందుల షాపు. లోవరాజు టీకొట్టుకి నాలుగు అడుగుల దూరం.

"దురదకి ఏదైనా ఇవ్వండి."

షాపతను ఒక ట్యూబు, రెండు మాత్రలు తీశాడు. "ఈ వానలకి ఏదో పురుగు తిరుగుతోంది మేడం. నిన్న కూడా ఒకాయన ఇవే పట్టుకెళ్ళాడు."

"ఎవరు?"

అతను చెప్పాడు.

"ఎన్ని గంటలకి?"

"పైన కెమెరా ఉంది కదండీ, చూసుకోండి."

ఆమె చూసింది. టైమ్ రాసుకుంది.

సి.ఐ.గారు ఫోన్ చేశారు. "మూడున్నరకి వెహికల్ పంపుతున్నాను. వాణ్ణి కోర్టుకి తీసుకురా."

"నాలుగున్నరకి పంపండి సార్. ఒక్క గంట."

"ఎందుకు?"

"మర తిప్పి చూడాలి సార్."

*

శుక్రవారం. మధ్యాహ్నం 3.30. మిల్లు.

సీలు తీశారు. పులిసిన బియ్యం కంపు ముఖానికి కొట్టింది. లోవరాజు వచ్చాడు. సంపూర్ణమ్మ వచ్చింది. తలుపులమ్మని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకొచ్చి గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. డేనియల్ని పోలీసులు తెచ్చారు. గణేష్‌బాబు గుమ్మం దగ్గరే ఆగాడు.

"లోపలికి రండి" అంది కృపారాణి.

"దుమ్ము పడదని చెప్పాను కదా మేడం."

"ఐదు నిమిషాలే."

అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ తీశాడు.

"ఉదయ్, మర వెయ్యి."

మోటారు అందుకుంది. బెల్టు తిరిగింది. తొట్టిలో గింజ లేదు. కృపారాణి చక్రాన్ని తనే బిగించింది.

మోత మారింది. సన్నగా, కీచుగా, పళ్ళు పులిసిపోయేలా. పది సెకన్లు. ఇరవై.

సంపూర్ణమ్మ చెవులు మూసుకుంది. డేనియల్ ఒక అడుగు ముందుకేశాడు, కానిస్టేబుల్ పట్టుకున్నాడు. లోవరాజు "ఇదేనండి, ఆ కీచు ఇదే" అని అరిచాడు.

తలుపులమ్మ లేచింది. భర్త పోయి రెండో రోజు. నిన్న సాయంత్రం నుంచి నోట మాట లేని మనిషి.

"ఆపండి! రాయి పోద్ది! ఎవరమ్మా గింజ లేకుండా తిప్పేది?"

గణేష్‌బాబు ఫోన్లోంచి తలెత్తి, అందరూ ఎందుకు కంగారు పడుతున్నారో అర్థం కానట్టు చూశాడు.

"ఆపెయ్, ఉదయ్."

మోటారు ఆగింది.

"విన్నారు కదా" అంది కృపారాణి. "గింజ లేకుండా మర తిరిగితే రాయీ రాయీ రాసుకుంటాయి. అరుగుతాయి, మాడతాయి. తర్వాత వచ్చే మొదటి పిండిలో ఆ పొడి పడుతుంది. ఈ ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి. నాకు ఈ పొద్దున తెలిసింది."

ఆమె గోడ వారనున్న డబ్బాలు చూపించింది.

"పదీ ఇరవై ఐదుకి ఒక డబ్బా అయిపోవచ్చింది. తర్వాతది సంపూర్ణమ్మగారిది. తడి బియ్యం. బుల్లియ్యగారు నిలవ ఉంచనని చెప్పారు. కానీ పదకొండు పదికి కరెంటు పోయేదాకా ఆ డబ్బా మూత కూడా తియ్యలేదు. దాని వెనక డబ్బాలూ అంతే. ముప్పావుగంట సేపు ఈ మర ఏం పట్టింది?"

ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి, ఖాళీ అరచెయ్యి చూపించింది.

"ఏమీ పట్టలేదు. ఖాళీగా తిరిగింది. ఊరంతా ఆ మోత విని ఆయన బతికున్నారనుకుంది. మా సి.ఐ.గారూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆయన పదిన్నరకే చనిపోయారు. అప్పుడు డేనియల్ లంక దారిలో ఉన్నాడు. అక్కడ నూకల మూట తీసుకున్న వాళ్ళు చెప్పారు, పదీ ముప్పై ఐదుకి వాళ్ళ గుమ్మంలో ఉన్నాడని."

"అయితే చంపింది ఎవరండి?" అన్నాడు లోవరాజు.

"మరని ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో తెలియని మనిషి. డేనియల్ అయితే చక్రం వదులు చేసేవాడు, అతని చెయ్యి దానంతటదే చేస్తుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరైనా అంతే. గణేష్‌బాబు గారూ, మీ చొక్కా చేతులు పైకి మడవండి."

అతను కదల్లేదు.

"గోదావరి ఒడ్డున చూశాను లెండి. మోచేతుల దాకా."

"గడ్డి గుచ్చుకుంది మేడం. శ్మశానంలో."

"ఈవేళ మధ్యాహ్నం గుచ్చుకున్న గడ్డికి నిన్న మందు కొన్నారా?"

అతను చొక్కా చేతులు ఇంకా కిందికి లాక్కున్నాడు.

"నేను ఆ ఊకలో కాళ్ళతో దిగాను. నాకు కాళ్ళ మీద వచ్చింది. మీరు చేతులతో ఊక తోడి ఆయన మీద కప్పారు. కాలవలో కడుక్కున్నారు. కడిగితే ఎక్కువవుతుందని మీకు తెలీదు. టీకొట్లో గంట సేపు ఓర్చుకున్నారు. కరెంటు వచ్చాక లేచి మందుల షాపుకి వెళ్ళారు. కెమెరాలో పదకొండు ముప్పై నాలుగు. శవం దొరికింది పదకొండూ యాభైకి. మిల్లు గడప తొక్కి రెండు నెలలైందన్న మనిషికి, శవం దొరక్కముందే ఈ నూగు ఎక్కడ అంటింది?"

గణేష్‌బాబు గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఉదయ్‌కుమార్ నిలబడి ఉన్నాడు.

తలుపులమ్మ మెల్లగా అతని దగ్గరికి వచ్చింది. అతని ఎడమ చెయ్యి తీసుకుంది. చొక్కా చెయ్యి తనే పైకి లాగింది. చాలాసేపు చూసింది.

"తలకొరివి నీచేత పెట్టించానురా" అంది.

అతను కుర్చీలోంచి నేల మీదికి జారిపోయాడు.

"కొట్టాలని రాలేదు పెద్దమ్మా. సంతకం కోసం వచ్చాను. ఫంక్షన్ హాలు వాళ్ళకి ఈ స్థలం ఇప్పిస్తానని మాటిచ్చేశాను. పత్రం టైపు చేయించి తెచ్చాను. పెదనాన్న చదివాడు. నవ్వాడు. దాన్ని పొట్లంలా చుట్టి, అందులో తవుడు పోసి, 'మీ అమ్మకి ఇవ్వు, కోళ్ళకి పెట్టుకుంటుంది' అని నా చేతిలో పెట్టాడు. ఊక గదిలోకి తిరిగి వెళ్ళిపోయాడు. సుత్తి చేతికి అందింది..."

"మర ఎందుకు ఆపలేదు?" అని అడిగింది కృపారాణి.

"ఆగితే జనం వస్తారని."

*

4.50. స్టేషన్.

రిమాండు కాగితాల మీద పేరు మారింది. గణేష్‌బాబుని ఎక్కించుకుని వెహికల్ కోర్టుకి వెళ్ళిపోయింది. డేనియల్ చొక్కా, చెప్పులు, సెల్‌ఫోన్ తిరిగిచ్చారు. ప్రిస్కిల్లా మెట్ల మీంచి లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి మళ్ళీ కూర్చుంది. అతను చెయ్యి అందించాడు.

గేటు దగ్గర ఆటో ఆగింది. తలుపులమ్మ దిగింది. సంపూర్ణమ్మ తోడు వచ్చింది. మైలలో ఉన్న మనిషి స్టేషన్ గేటు దాటి లోపలికి రాలేదు. బయటే నిలబడింది.

డేనియల్ ఆమె ముందుకెళ్ళి నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు.

"నిన్న నిన్నేనురా అన్నాను" అంది ఆమె.

"మీరు అనొచ్చండి అమ్మగారూ. పోయింది మీ మనిషి. మీకు అప్పుడు ఒళ్ళు తెలీదు." అతను ఆగాడు. "అక్కడ ముప్పై మంది ఉన్నారండి. అందరి పిండీ నేను పట్టినోణ్ణే. వీడు కాదేమో అని ఒక్కరన్నారా?"

సంపూర్ణమ్మ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"నేను తిట్టడానికే వచ్చాను నాయనా పొద్దున" అంది. "దాచడం దేనికి."

"అదే మంచిదైందండి" అన్నాడు డేనియల్.

ప్రిస్కిల్లా మొదటిసారి నోరు విప్పింది. "ఇంటికి పోదాం రా."

"ఆ రాళ్ళు పాడైపోయాయి" అంది తలుపులమ్మ. "గాట్లు కొట్టాలి. ఈ ఊళ్ళో నీకు తప్ప ఇంకెవరికీ ఆ పని రాదు. మర ఆగిపోతే ఆ స్థలం అడగడానికి రేపు ఇంకొకడు వస్తాడు. నువ్వు మానేస్తానన్నావు. మానెయ్. కానీ మానేసే ముందు ఒక్కసారి చెప్పి మానెయ్, నేను తాళం వేసుకుంటాను."

డేనియల్ రోడ్డు వైపు చూశాడు. ఊరికి ఆ రోడ్డే వెళుతుంది. రెండు పక్కలా గుమ్మాలు.

"మాననండి" అన్నాడు. "కానీ రేపు రాను. ఎల్లుండీ రాను. మిల్లుకి రావాలంటే ఆ వీధిలోంచి నడవాలి కదండీ. కాస్త టైమివ్వండి."

కృపారాణి డ్రైవర్ని పిలిచింది. వాళ్ళిద్దరినీ జీపులో దింపి రమ్మంది.

"వద్దండి" అన్నాడు డేనియల్. "ఆ జీపు మాత్రం వద్దు."

భార్యాభర్తలు కాలవ గట్టు వెంట, బురదలో, పేట వైపు నడిచారు.

*

కొల్లాబత్తుల దీనమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు కొత్తపేటలో, మా చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటున్నాను.